చెట్టుకో బండి, బండికో కుక్క: ఉద్దానంలో ఒక రికార్డు ప్రయత్నం (కేస్ స్టడీ)

ఊరి పేరు రాయడం లేదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, పలాసకీ సముద్రానికీ మధ్య ఒక ఊరు అనుకోండి చాలు. మనుషుల వివరాలు కొన్ని మార్చాను, కుక్కల పేర్లయితే అన్నీ మార్చాను. కుక్కల పేర్లు మార్చడమేంటని నవ్వొచ్చు గానీ, ఆ చుట్టుపక్కల టీకొట్టు కుక్క పేరు చెబితే ఊరి పేరు చెప్పినట్టే.

నేను పశువుల డాక్టర్ని. నా పనంతా ఆవులు, గేదెలు, మేకలు, సంక్రాంతి ముందు పందెం కోళ్లు. కుక్కలతో ఇంత పెద్ద పని పడటం అదే మొదటిసారి. బండికో కుక్కని ఎక్కించి నిలబెట్టి, డయాలసిస్‌కి వెళ్లేవాళ్ల ఆటో ఖర్చుకి డబ్బు పోగుచేసే కార్యక్రమం ఇది, రెండేళ్లలో రెండుసార్లు జరిగింది. మొదటిసారి పాడైంది, అందులో నా తప్పు కూడా ఉంది. అందుకే రాస్తున్నాను.

నేపథ్యం

ఉద్దానం అనగానే బయటివాళ్లకి కిడ్నీ జబ్బే గుర్తొస్తుంది. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం మండలాల్లో డయాలసిస్ మీద ఉన్న మనిషి లేని ఊరు వెతుక్కోవాలి. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో మొదలయ్యాయి. హిరమండలం రిజర్వాయరు నుంచి మంచినీళ్ల పథకం కూడా అప్పుడే ప్రారంభమైంది. డయాలసిస్‌కి డబ్బు కట్టక్కర్లేదు. కానీ వారానికి రెండు మూడుసార్లు వెళ్లాలి, వెళ్లిన ప్రతిసారీ యంత్రం దగ్గర నాలుగు గంటలు పడుతుంది. తోడు వెళ్లినవాళ్లకి ఆ రోజు జీడిపప్పు బట్టీలో కూలి పోతుంది. ఆటోకి ఇచ్చేది వేరే. ఊళ్లో ఒక పెద్దాయన ఆటో ఖర్చుకి భయపడి వారంలో ఒక విడత మానేస్తున్నాడని తెలిసి, కుర్రాళ్లు చందాలు వేసి "ఆటో నిధి" పెట్టారు. అది సంక్రాంతికి నిండి శివరాత్రికి ఖాళీ అయ్యేది.

ఇంతలో వాళ్లలో ఒకడి ఫోన్లో ఆస్ట్రేలియా సంగతి కనపడింది. పెర్త్‌కి రెండు వందల కిలోమీటర్ల పైన, గోధుమ పొలాల మధ్య కొరిగిన్ అని చిన్న ఊరు. అక్కడి రైతులు వాడే వెనక తొట్టి ఉన్న బండిని యూట్ అంటారు. ఒక్కో యూట్‌లో ఒక్కో కుక్కని ఎక్కించి 2002లో 1527 బండ్లతో రికార్డు పెట్టారు. ఆ ఊరి పొలిమేరలో కుక్కలకి ప్రత్యేకంగా శ్మశానం కూడా ఉంది. వీడియో చూసిన కుర్రాడు నాతో అన్న మాట: "మనకి యూట్లు లేకపోతే ఏటి బాబూ, ఆటోలు లేవా? కుక్కలకి కరువా?"

నిజమే, రెండింటికీ కరువు లేదు.

నా దగ్గరికి వచ్చిన పని

వాళ్లు అడిగింది చిన్న పని. ముక్కనుమ నాడు హైస్కూలు గ్రౌండులో ఆటోలు, టాటా ఏస్‌లు, బొలెరో పికప్‌లు, ట్రాక్టర్ ట్రక్కులు నిలబెడతారు. ఒక్కో దానిలో ఒక కుక్క. బండికి 200 రూపాయల ఎంట్రీ, ఆ డబ్బు ఆటో నిధికి. నేను కుక్కలకి రేబిస్ సూదులు వేసి కాగితం ఇవ్వాలి.

ఒప్పుకున్నాను. సూదులు ముందురోజు వేద్దామన్నారు, కనుమ నాడు అందరూ ఇళ్ల దగ్గరే దొరుకుతారని. దానికీ ఒప్పుకున్నాను. నా మొదటి తప్పు ఇదే. కుక్కకి మొదటిసారి సూది వేశాక ఒంట్లో రక్షణ తయారవడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. ఈ సంగతి నాకు తెలియక కాదు. "ఎప్పుడో ఒకప్పుడు వేయించుకుంటున్నారు కదా, అదే మేలు" అనుకున్నాను. టీకా వేయించడం ఒక పని, ఆ కుక్కల్ని గుంపులోకి తేవడం వేరే పని. రెంటినీ ఒకటి చేసి చూశాను. నేనిచ్చిన కాగితం చూసుకుని జనం ధైర్యంగా పిల్లల్ని కూడా తెచ్చారు.

మొదటి ఏడాది ఏం జరిగింది

పొద్దున్న పదికి అనుకున్నది పన్నెండుకి మొదలైంది. ఎన్ని బండ్లు వచ్చాయో ఈ రోజుకీ తేలలేదు. కుర్రాళ్లు అరవై నాలుగంటారు, మాస్టారు యాభై దాటలేదంటారు. లెక్కపెడుతుండగానే గొడవైంది కాబట్టి రెండూ నిజం కావచ్చు.

ఆటోలు మడ్‌గార్డుకి మడ్‌గార్డు తగిలేలా నిలబెట్టారు, ఫోటోలో నిండుగా కనపడాలని. ఒక మూల డీజే బాక్సు. ఒకామె కుక్క బండిలో కూర్చోవడం లేదని ఇంట్లోంచి పాలిథిన్ కవర్లో మాంసం బొమికలు తెచ్చింది. ముక్కనుమ కదా, ప్రతి ఇంట్లోనూ అవే. కవరు విప్పగానే పక్క ఆటో కుక్క ఇటు దూకింది. అక్కణ్ణించి వరస మొత్తం అంటుకుంది.

నా కళ్లముందు ఇప్పటికీ కదిలేది వేరే సంగతి. ఒక పికప్‌లో నల్లకుక్కని నైలాన్ తాడుతో పై రాడ్డుకి కట్టారు. తాడు బండి అంచు దాటడానికి సరిపోయింది, నేల తాకడానికి సరిపోలేదు. అది దూకి గాలిలో వేలాడింది. అరుపు కూడా లేదు, వెనక కాళ్లు మాత్రం కొట్టుకుంటున్నాయి. ముడి బిగుసుకుపోయి రాలేదు. గేటు దగ్గర బొండాలు అమ్మే అతను కత్తితో పరుగున వచ్చి ఒక్క దెబ్బకి తాడు తెంచాడు. కుక్క కిందపడి, లేచి, అందరికంటే ముందు అతన్నే కరవబోయింది.

అదే సమయంలో ఇంకో చోట ఒక గుంటడి చేతిని కుక్క కరిచింది. బొటనవేలి కింద రెండు పళ్లు దిగి రక్తం వచ్చింది. వాళ్ల నాయనమ్మ అప్పటికే సున్నం అడుగుతోంది. నేను గుంటణ్ణి బోరింగు దగ్గరికి తీసుకెళ్లి, ఒకణ్ణి బోరింగు కొట్టమని, సబ్బు పెట్టి వాచీ చూసుకుంటూ పదిహేను నిమిషాలు కడిగించాను. పదిహేను నిమిషాలు ఎంత పొడుగో పక్కన నిలబడి చూస్తే తెలుస్తుంది. మూడో నిమిషానికే "చాలు బాబూ" అన్నారు. కడగడం మాత్రం ఆపనివ్వలేదు. వైరస్‌ని గాయం దగ్గరే తగ్గించే పని అది, ఆసుపత్రికి వెళ్లాక చేయించుకుందాం అనుకునేది కాదు. రక్తం వచ్చింది కాబట్టి డాక్టర్ల లెక్కలో అది మూడో రకం గాయం, అన్నిటికంటే తీవ్రమైనది. ఆసుపత్రిలో గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (వైరస్‌ని వెంటనే అడ్డుకునే రెడీమేడ్ యాంటీబాడీల మందు) ఎక్కించి, చర్మంలోకి టీకా మొదలుపెట్టారు. ఆ రోజు, తర్వాత మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు. నాలుగింటికీ వాడి వెంట వెళ్లాను. కుక్కని పది రోజులు కట్టేసి చూశాం, బాగానే ఉంది. టీకా మాత్రం ఆపలేదు.

ఎందుకు పాడైందని మొదట అనుకున్నాం, తర్వాత ఏం తేలింది

ఊళ్లో అందరూ డీజేని తిట్టారు. నేనూ రెండు రోజులు అదే నమ్మాను. తర్వాత కుర్రాళ్లు తీసిన వీడియోలన్నీ తెప్పించుకుని ఒక్కొక్కటీ ఆపి ఆపి చూశాను. డీజే మొదలైన గంట వరకు గొడవ లేదు. కుక్కలు బెదిరాయి, నాలుకలు బయటపెట్టాయి, కొన్ని సీటు కింద దూరాయి, అంతే. గొడవ పుట్టింది తిండి దగ్గర. పాకింది బండ్ల మధ్య జానెడు కూడా సందు లేక. ఈ వీధి కుక్కని ఆ వీధిలోకే రానివ్వని ఊళ్లో ఇరవై వీధుల కుక్కల్ని ఒకదాని పక్కన ఒకటి పెట్టాం.

వీడియోల్లో ఇంకోటి కనపడింది. చాలా కుక్కల దగ్గర వాటి మనిషి లేడు. బండి ఓనరు తన వీధిలో దొరికిన కుక్కని ఎత్తుకొచ్చాడు. ఎందుకు? బండికి 200 కాబట్టి, లెక్క పెరగాలి కాబట్టి. గేటు దగ్గర ఒక కుర్రాడు మైకులో "ఇంకో పదిహేను బండ్లు కావాలి, ఎవరి దగ్గరైనా కుక్కుంటే తీసుకురండి" అని అరుస్తున్నాడు. ఆ మాట విన్నాక నాకు మిగతాదంతా అర్థమైంది. ప్రతి కొత్త బండితో నిధీ పెరుగుతోంది, రికార్డూ పెరుగుతోంది. అలాంటప్పుడు వణుకుతున్న కుక్కని వెనక్కి పంపమని చెప్పేవాడు ఉండడు. నేనక్కడే ఉండి కూడా చెప్పలేదు.

మళ్లీ ఎందుకు

ఇక వద్దన్నారు పెద్దలు. నేనూ వద్దన్నాను. కానీ ఆగస్టులో ఆటో నిధి అయిపోయింది. కుర్రాళ్లు ముగ్గురు ఆసుపత్రికి వచ్చి, గేదె చూలు పరీక్ష చేస్తుంటే పక్కన నిలబడి అడిగారు. చెయ్యి లోపల ఉండగా కాదనడం కష్టం. కడుక్కుని వచ్చి రెండు షరతులు పెట్టాను. ఒకటి, తేదీ నేను చెబుతాను. రెండు, డబ్బుకీ లెక్కకీ ముడి ఉండకూడదు.

రెండోది వాళ్లకి ఎక్కలేదు. బండికింత అని వసూలు చేయకపోతే డబ్బెలా వస్తుందన్నారు. దీనికి జవాబు చోటు మార్చడంలో దొరికింది.

కొబ్బరి తోట

గ్రౌండు వద్దనుకుని ఊరి చివర కొబ్బరి తోట అడిగాం. నేను అడిగింది నీడ కోసం. తోటలో నిలబడ్డాక మాస్టారు అన్నారు, "చెట్టుకీ చెట్టుకీ పాతిక అడుగులు ఉంది కదండీ, చెట్టుకో బండి పెడితే?" ఆ ఒక్క మాటతో మూడు సమస్యలు తీరాయి. బండ్ల మధ్య దూరం మేం కొలవక్కర్లేదు, తాతలు నాటినప్పుడే కొలిచారు. చెట్లకి సున్నంతో నంబర్లు వేస్తే లెక్కలో తగాదా లేదు. డబ్బు చెట్టు మీద పెట్టొచ్చు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను కొట్టినప్పుడు ఈ తోటలో సగం చెట్లు పడిపోయాయి. మిగిలినవీ, తర్వాత నాటినవీ లెక్కేస్తే బండి నిలబెట్టదగ్గవి తొంభై ఆరు తేలాయి. ఒక్కో చెట్టుకి ఒక దాత. గుజరాత్ వేరావల్‌లో చేపల బోట్ల మీద పనిచేసేవాళ్లు ఫోన్లోనే చెట్లు తీసుకున్నారు. చెట్టు కింద బండి వచ్చినా రాకపోయినా, కుక్కని వెనక్కి పంపినా, డబ్బు నిధిలోనే ఉంటుంది.

వారం ముందు కాయలన్నీ దింపించాం. ఇది నాకు తట్టలేదు, తోట కాపు కాసే ముసలాయన చెప్పాడు. "రికార్డు బుర్ర మీద పడతాది బాబూ" అని.

తేదీ

దీని మీద నెల రోజులు వాదించుకున్నాం. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు, బండ్లేం కదులుతాయి. ముక్కనుమ అంటే బొమికలు, అది చూశాం. భోగి ముందయితే ఆడవాళ్లంతా అరిసెల పాకం మీద ఉంటారు, వాళ్లు లేకపోతే సగం కుక్కలు ఎవరి మాటా వినవు. చివరికి ముక్కనుమ వెళ్లిన రెండో రోజు, పొద్దున్న ఏడు నుంచి తొమ్మిది. అప్పటికి సగం మంది కుర్రాళ్లు రైలెక్కేస్తారని గోల చేశారు. బండ్లు ఊళ్లో ఉండేవాళ్లవి, వెళ్లిపోయేవాళ్లవి ఫోన్లు మాత్రమే అన్నాను. కొంచెం కఠినంగానే అన్నాను.

పొద్దున్నే ఎందుకంటే, జనవరిలో ఉద్దానంలో ఆ వేళకి చలిగా ఉంటుంది. మధ్యాహ్నం కుక్క వగరుస్తుంటే ఎండకా భయానికా తేల్చడం కష్టం. చలిలో వగరిస్తే భయమే. నాకు చూడగానే తెలియాలి.

సూదులు డిసెంబరు మొదటి వారంలోనే వేశాం. ఈసారి బండెక్కే కుక్కలతో మొదలుపెట్టలేదు. ఎవరివీ కాని వాటిని ముందు పట్టాం, చేపల వల వాళ్ల సాయంతో రెండు తెల్లవారుజాముల్లో. ఊళ్లో నూటికి డెబ్భై కుక్కలకి టీకా పడితేనే రేబిస్ గొలుసు తెగుతుంది. మనిషి మాట వినే కుక్కలతో మాత్రమే ఆ లెక్క రాదు.

కుక్క ఎవరిది?

అన్నిటికంటే ఎక్కువ సమయం పట్టింది దీనికే. మా నియమం: ఒక బండి, ఒక కుక్క, ఆ కుక్క మనిషి ఒకరు, పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లు. ఉద్దానం ఊళ్లలో కుక్కకి ఓనరు అంటూ ఉండడు. పొద్దున్న ఒక ఇంట్లో గంజి, రాత్రి ఇంకో ఇంట్లో అన్నం, పడక మూడో ఇంటి అరుగు మీద. నాదంటే నాదని ముగ్గురొస్తారు, కరిస్తే మాది కాదని ముగ్గురూ అంటారు.

అందుకని పరీక్ష పెట్టాను. తిండి చూపించకుండా పేరు పెట్టి పిలవాలి. వచ్చాక మెడకి పట్టీ వేసి, చెవి ఎత్తి చూసి, ఒక ముందు కాలు పట్టుకోవాలి. కుక్క ఊరుకుంటే ఆ మనిషి దాని మనిషి. టీకొట్టు కుక్కకి టీకొట్టు ఓనరు, మెకానిక్కు, ఒక ఆటో డ్రైవరు పోటీపడ్డారు. బిస్కెట్లు వేసేది వాళ్లే. చెవి పట్టుకునేసరికి ముగ్గురి మీదా గుర్రుమంది. జీడిబట్టీకి వెళ్లే ఒకావిడ అటు పోతూ ఆగి, "ఏటే, ఏటి సేస్తన్నారు నిన్ను?" అంది. అది వెళ్లి ఆమె కాళ్ల దగ్గర వెల్లకిలా పడుకుంది. రాత్రిళ్లు పడుకునేది ఆమె గుమ్మంలోనట. ఆమెకి బండి లేదు. అప్పటికప్పుడు నియమం మార్చాం: బండి ఒకరిది, కుక్క ఇంకొకరిది కావచ్చు. ఆటో డ్రైవరు మొహం మాడ్చుకునే బండిచ్చాడు.

పాలిచ్చే ఆడకుక్కల్ని తీసేశాం. వీధికుక్కలు మన దగ్గర ఎక్కువగా చలికాలంలోనే ఈనుతాయి, జనవరిలో ప్రతి గడ్డివామి కిందా పిల్లలే. తల్లిని రెండు గంటలు దూరం చేస్తే అక్కడ పిల్లలకీ ఇక్కడ మనుషులకీ ప్రమాదమే.

మిగిలినవాటికి నెల రోజుల అలవాటు. మొదటి వారం ఆగి ఉన్న బండిలో గుప్పెడు అన్నం. తర్వాత ఇంజన్ ఆన్‌లో పెట్టి అదే అన్నం. తర్వాత వీధి చివరి వరకు నడిపించి. ఏ మెట్టు దగ్గర అన్నం ముట్టడం మానేస్తే ఆ కుక్క అక్కడితో ఆగిపోయినట్టే, బలవంతం లేదు. తాడు మెడకి కాదు, ఛాతీ చుట్టూ వచ్చే పట్టీకి. పట్టీలు గోనెసంచుల నుంచి కుట్టించాం, దర్జీ ఒక్కోదానికి పది నిమిషాలు తీసుకున్నాడు. తాడు పొడవు బండి అంచుకి జానెడు తక్కువ. ఆ జానెడు నేనే ప్రతి బండి దగ్గరా కొలిచాను.

ఆ రోజు

పెద్దగా చెప్పుకోవడానికి ఏమీ జరగలేదు, ఆ రోజుకి కావలసిందీ అదే. పది పది బండ్లు చొప్పున తోటలోకి వదిలాం. మైకు లేదు, తిండి లేదు, పిల్లలు కంచె బయట. తొమ్మిది కుక్కల్ని గేటు దగ్గరే వెనక్కి పంపాను. పోయినేడు మైకు పట్టుకున్న కుర్రాడే ఈసారి నాకంటే ముందు ఒకదాన్ని చూపించి "బాబూ, ఇది వణుకుతోంది" అన్నాడు. ఒక కుక్క ట్రాక్టర్‌లో వాంతి చేసుకుంది. ఒక ఆటో స్టార్టవక తోసుకుంటూ తీసుకెళ్లారు, లోపల కుక్క మహారాజులా కూర్చుంది. ఎనభై మూడు చెట్ల కింద ఎనభై మూడు బండ్లు పది నిమిషాలు కదలకుండా నిలబడ్డాయి. మాస్టారు, పోస్టుమాస్టరు చెరో వైపు నుంచి లెక్కపెట్టి కాగితాలు మార్చుకున్నారు. రెండు కాగితాల మీదా ఎనభై మూడే. కొరిగిన్ 1527కి ఇది ఏ మూలకీ రాదు. పోయినేడు మా లెక్కే తేలలేదు కాబట్టి మా రికార్డు మేమే బద్దలుకొట్టామని ఒప్పుకున్నారు అందరూ.

తొంభై ఆరు చెట్ల డబ్బూ నిధిలో పడింది. నేను ఇది రాస్తున్నది దసరా వెళ్లాక, నిధిలో ఇంకా డబ్బుంది.

తేలని సంగతులు రెండు. గోనె పట్టీలు వానాకాలంలో కుళ్లిపోయాయి, వచ్చే ఏడాదికి వేరే గుడ్డ చూడాలి. రెండోది నేను ఊహించనిది. నెల రోజుల అలవాటు మరీ బాగా పనిచేసింది. ఇప్పుడు ఆ ఊళ్లో ఎక్కడ ఆటో ఆగినా ఏదో ఒక కుక్క ఎక్కి వెనక సీట్లో కూర్చుంటోంది. డయాలసిస్‌కి తీసుకెళ్లే ఆటోలో టీకొట్టు కుక్క పలాస వరకు వెళ్లి, మనుషులతో పాటు నాలుగు గంటలు ఆసుపత్రి బయట పడుకుని, అదే ఆటోలో తిరిగొస్తోందట. దించడం ఎలాగో చెప్పమని డ్రైవరు నాకు రెండుసార్లు ఫోన్ చేశాడు.